గర్భస్థ శిశువు క్షేమము

తల్లి గర్భమున పెరుగు శిశువు వైద్యుని కంటికి కానరాదు. తన బాధను చెప్పుకొనజాలదు. అయినను దాని క్షేమమును తెలిసికొను మార్గములు కలవు. తల్లికి రక్తపుపోటు గాని, మధుమేహము గాని ఉన్నప్పుడును, శిశువు పెరుగుదల కుంటుపడినప్పుడును, కాన్పు గడువు దాటినప్పుడును ఈ పరీక్షలు మిక్కిలి అవసరమగును.

శిశువునకు ప్రాణవాయువును, ఆహారమును మావి నుండి బొడ్డుతాడు ద్వారా అందును. మావి పనిచేయుట మందగించినచో ప్రాణవాయువు తగ్గును. అప్పుడు శిశువు ఉన్న కొద్దిపాటి ప్రాణవాయువును మెదడునకు, గుండెకు మళ్ళించుకొని, తన కదలికలను తగ్గించుకొనును. ఈ పొదుపు లక్షణములను వేళకు గుర్తించుటయే పరీక్షల ఉద్దేశము.

మొదటి సాధనము తల్లి అనుభవమే. బిడ్డ కదలికలు తగ్గినట్లు తోచినచో మరునాటి వరకు ఆగక ఆసుపత్రికి పోవలయును.

రెండవది గుండె చప్పుడు. 1818లో జెనీవా వైద్యుడు ఫ్రాన్స్వా మాయోర్ గర్భిణి ఉదరముపై చెవి ఆనించి శిశువు గుండె చప్పుడు వినవచ్చునని తెలిపెను. నేడు యంత్రము ఆ వేగమును కాగితముపై గీయును. సాధారణముగా అది నిమిషమునకు 110 నుండి 160 వరకు ఉండును. 32 వారములు దాటిన శిశువునకు 20 నిమిషములలో కనీసము రెండుసార్లు, 15 సెకండ్లపాటు, ఆ వేగము 15 చొప్పున హెచ్చినచో తృప్తికరము. హెచ్చనంత మాత్రమున ఆపద కలిగినదని తలపరాదు, శిశువు నిద్రించుచుండవచ్చును. కావున మరికొంతసేపు చూతురు.

మూడవది అతిధ్వని తరంగముల పరీక్ష. 1958లో గ్లాస్గో నగరమున ఇయాన్ డొనాల్డ్, ఆయన సహచరులు దీనిని గూర్చి ప్రకటించిరి. దీనివలన శిశువు కదలికలు, శ్వాస కదలికలు, కండరముల బిగువు, ఉమ్మనీటి పరిమాణము తెలియును. వీనితో గుండె పరీక్షను చేర్చి, ఒక్కొక్కదానికి రెండేసి మార్కుల చొప్పున పదింటికి లెక్కింతురు.

దగ్గరకు వచ్చు రైలు కూత హెచ్చు స్థాయిలోను, దూరమగు రైలు కూత తగ్గు స్థాయిలోను వినబడుట విద్యార్థులెరిగినదే. 1842లో డాప్లర్ వివరించిన ఈ సూత్రముననుసరించియే బొడ్డుతాడులోని రక్తప్రవాహమును పరిశీలింతురు. గుండె రెండు స్పందనముల నడుమ విరమించినప్పుడు కూడ రక్తము మావివైపు పారుచుండవలయును. ఆ సమయమున ప్రవాహము ఆగుట అపాయసూచకము; వెనుకకు మరలుట అంతకంటె తీవ్రము.

అపాయము కనబడిన వెంటనే కాన్పు చేయవచ్చును గదా యని తోచవచ్చును. కాని నెలలు నిండని శిశువు ఊపిరితిత్తులు పక్వము కానందున శ్వాసకష్టము కలుగును. ఆలస్యమైనచో శిశువు గర్భముననే మరణింపవచ్చును. వ్యవధి ఉన్నచో ఊపిరితిత్తుల పక్వతకై తల్లికి స్టెరాయిడ్ ఇంజక్షనులు ఇత్తురు. ఏ ఒక్క పరీక్షయు సంపూర్ణము కాదు. కావుననే వైద్యులు పలు పరీక్షల ఫలితములను, శిశువు వయస్సును, తల్లి ఆరోగ్యమును కలిపి తూచి, కాన్పునకు తగిన దినమును నిర్ణయింతురు.