వాటర్ హీటర్ రాడ్‌కి స్మార్ట్ ప్లగ్ పెడితే చాలా? ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇది చదవండి

మా చోడవరంలో రూమ్ హీటర్ కొనేంత చలి ఉండదు. అది అరకు, లంబసింగి వైపే. మాకు హీటర్ అంటే బకెట్‌లో వేలాడే రాడ్డే. పోయిన చలికాలం మా నానమ్మ రాడ్ ఆన్ చేసి, టీవీ ముందు కూర్చుని మర్చిపోయింది. గుర్తొచ్చాక స్విచ్ ఆపి ఆ నీళ్లే కాళ్ల మీద పోసుకుంది. షుగర్ వల్ల ఆమెకి పాదాల్లో స్పర్శ తక్కువ. బొబ్బలు వచ్చాకే కాలిందని తెలిసింది.

నేను వెంటనే స్మార్ట్ ప్లగ్ కొన్నా. కానీ అది సగం సమస్యకే పరిష్కారం.

ఎన్ని నిమిషాల టైమర్?

1500 వాట్ల రాడ్, 20 లీటర్ల బకెట్, 25 డిగ్రీల నీళ్లు అనుకుందాం. లెక్క ప్రకారం 42 డిగ్రీలకి 16 నిమిషాలు చాలు. 33 నిమిషాలు వదిలేస్తే 60 డిగ్రీలు! ఆ వేడికి సుమారు 5 సెకన్లలోనే చర్మం లోతుగా కాలిపోతుంది. వయసుతో చర్మం పలచబడుతుంది కాబట్టి పెద్దవాళ్లకి ఇంకా తొందరగా కాలుతుంది. అందుకే ఆటో-ఆఫ్ 15 నిమిషాలకి పెట్టా.

మరి షాక్ సంగతి?

"అదే ఆగిపోద్ది కదా, మళ్లీ ప్లగ్గు తీయడం ఎందుకురా?" అంది నానమ్మ. మంచి ప్రశ్నే. చాలా స్మార్ట్ ప్లగ్‌లు ఒక్క వైరునే కట్ చేస్తాయి. పాత ఇళ్లలో ఫేజ్, న్యూట్రల్ తారుమారై ఉంటే, ఆఫ్ అని చూపించినా రాడ్‌లో కరెంట్ ఉంటుంది.

ఎంసీబీ ఉందిగా అనుకోవద్దు. అది ఓవర్‌లోడ్, షార్ట్ సర్క్యూట్‌ల కోసం. 16 ఆంప్స్ ఎంసీబీకి, మనిషి ప్రాణం తీసే కొద్దిపాటి కరెంట్ కనిపించదు. ఆ పని ఆర్‌సీసీబీది. వెళ్లిన కరెంట్‌కీ తిరిగొచ్చిన కరెంట్‌కీ 30 మిల్లీ ఆంప్స్ తేడా వస్తే క్షణంలో లైన్ కట్ చేస్తుంది. ఎర్తింగ్ కూడా సరిగ్గా ఉంటే, రాడ్ లీకవగానే, ఎవరూ ముట్టుకోకముందే ట్రిప్ అవుతుంది.

ఏం చేయాలి?

* ఐఎస్‌ఐ మార్క్, మూడు పిన్నుల ప్లగ్ ఉన్న రాడ్డే కొనండి.
* రాడ్ సుమారు 6.5 ఆంప్స్ లాగుతుంది. 16 ఆంప్స్ స్మార్ట్ ప్లగ్ తీసుకోండి.
* ఫోన్ నుంచి ఆన్ చేయొద్దు. బకెట్ ఖాళీగా ఉండొచ్చు, లేదా అందులో నానమ్మ చెయ్యి ఉండొచ్చు.
* ఎలక్ట్రీషియన్‌తో 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ పెట్టించి, ఎర్తింగ్ చెక్ చేయించండి. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కండి.
* ప్లగ్ తీసి, రాడ్ బయటపెట్టి, నీళ్లు కలిపాకే చెయ్యి పెట్టాలి. స్పర్శ తక్కువున్నవాళ్లకి ఇంకొకరు చూసి చెప్పాలి.
* కాలితే 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద ఉంచండి. టూత్‌పేస్ట్ రాయొద్దు. బొబ్బలొస్తే డాక్టర్‌కి చూపించండి.

బడ్జెట్‌లో ఒక్కటే కొనగలిగితే? ముందు ఆర్‌సీసీబీ. టైమర్‌కి ఫోన్‌లో అలారం ఉంది, షాక్‌కి అలాంటి ఉచిత యాప్ ఏదీ లేదు.