ఆగిపోయిన ధారావాహికలకు రెండో జీవితం

అమెరికాలో పగటిపూట ప్రసారమయ్యే కుటుంబ ధారావాహికలకు ‘సోప్ ఒపేరా’ అని పేరు. రేడియో కాలంలో సబ్బుల కంపెనీలు వాటికి డబ్బు సమకూర్చినందువల్ల ఆ పేరు వచ్చింది. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థ ప్రకటనలు ఇవ్వడంతో ఆగక, కొన్ని ధారావాహికలకు తానే యజమానిగా వ్యవహరించింది. ఇల్లాలు ఏ వేళ ఇంట్లో ఉంటుంది, ఏ సరుకు కొంటుంది అన్న లెక్క మీద నిలిచిన ఏర్పాటు అది. అయితే వ్యాపారం కోసం మొదలైన ఆ కథల చుట్టూ కాలక్రమంలో అల్లుకున్న మమకారం మాత్రం వ్యాపార లెక్కలకు అందనిది.

‘గైడింగ్ లైట్’ 1937లో రేడియోలో ఆరంభమైంది. 1952లో టెలివిజన్‌కు వచ్చింది. 2009 సెప్టెంబర్ 18న ముగిసింది. తొలినాళ్ల స్వల్ప విరామాలను మినహాయిస్తే డెబ్బై రెండేళ్ల ప్రయాణం! అమ్మమ్మ విన్న కథను అమ్మ చూసింది, అమ్మ చూసిన కథను కూతురు చూసింది. మరుసటి ఏడాది ‘యాజ్ ద వరల్డ్ టర్న్స్’ (1956–2010) ఆగిపోయింది. 2011 ఏప్రిల్‌లో ఏబీసీ సంస్థ ఒకే రోజున ‘ఆల్ మై చిల్డ్రన్’, ‘వన్ లైఫ్ టు లివ్’ రెండింటికీ స్వస్తి చెబుతున్నట్లు ప్రకటించింది. మొదటిది నలభై ఒక్క ఏళ్లు, రెండవది నలభై మూడేళ్లు నడిచినవి. స్త్రీలు ఉద్యోగాలకు వెళ్లడంతో పగటి వీక్షకులు తగ్గారు. సంభాషణలు, వంటలతో నడిచే కార్యక్రమాలు చాలా తక్కువ ఖర్చుతో తయారవుతాయి. ఆ స్థానంలో వచ్చినవి కూడా అటువంటివే.

ఇటువంటి సందర్భంలో ప్రేక్షకులు అడిగే కోరిక ఒకటుంది: కొత్తవి తీయకపోతే మానండి, పాతవైనా కేబుల్ ఛానెల్‌లో మళ్లీ చూపండి. వినడానికి ఇంతకంటే సులభమైన పని లేదనిపిస్తుంది. తీసినవి తీసినట్లు ఉన్నాయి కదా, మళ్లీ చూపడానికి అడ్డేమిటి?

అడ్డు ఒకటి కాదు. అన్నిటికంటే బాధాకరమైనది, తీసినవన్నీ ఉండకపోవడమే. ఆ రోజుల్లో వీడియో టేపు ఖరీదైన వస్తువు. ప్రసారమైన భాగాన్ని చెరిపివేసి, అదే టేపు మీద మరొకటి రికార్డు చేయడం 1970ల దాకా ఛానెళ్లలో మామూలు పద్ధతి. పగటి నాటకాన్ని రేపు ఎవరు అడుగుతారు అన్నదే వారి ఆలోచన. సాయంత్రపు కార్యక్రమాలకు దక్కిన గౌరవం మధ్యాహ్నం ఇంట్లో ఉన్న స్త్రీ చూసేదానికి దక్కలేదు. చెరిపివేతకు టేపు ధర ఎంత కారణమో, ఈ చిన్నచూపు కూడా అంతే కారణమని నా అభిప్రాయం.

రెండవది సొమ్ము. ఒప్పందాల ప్రకారం పునఃప్రసారమైనప్పుడు నటీనటులకు మళ్లీ చెల్లింపులు చేయాలి. నేపథ్యంలో వినిపించిన పాటలకూ హక్కులు కావాలి. వారానికి ఒక భాగం చొప్పున వచ్చే నాటికకు ఈ లెక్క తేలుతుంది. వారానికి ఐదు భాగాల చొప్పున దశాబ్దాలు నడిచినదానికి తేలదు. మూడవది నిడివి. అదే చొప్పున వారానికి ఐదు భాగాలు చూపితే, నలభై ఏళ్ల కథ పూర్తి కావడానికి నలభై ఏళ్లు పడుతుంది!

ఈ చిక్కుల నడుమ 2000 జనవరిలో డిస్నీ–ఏబీసీ వారు ‘సోప్‌నెట్’ అనే కేబుల్ ఛానెల్‌ను ఆరంభించారు. మధ్యాహ్నం వచ్చిన భాగాన్ని అదే రోజు సాయంత్రం, ఉద్యోగం నుంచి తిరిగివచ్చిన వారి కోసం మళ్లీ చూపడం దాని ప్రధాన ఉద్దేశం. దానికి తోడుగా, ఏనాడో నిలిచిపోయిన వాటికీ చోటిచ్చారు. న్యూయార్క్‌లోని ఒక ఐరిష్ కుటుంబం కథ ‘రయన్స్ హోప్’ (1975–1989) అందులో ముఖ్యమైనది. 2003 నుంచి కొన్నేళ్లపాటు ‘అనదర్ వరల్డ్’ పాత భాగాలు కూడా వచ్చాయి. 1964 నుంచి 1999 దాకా నడిచిన ఆ కథలో ప్రేక్షకులకు దక్కింది 1980ల చివరి నుంచి కొద్ది సంవత్సరాల భాగం మాత్రమే.

తరువాత చాలా ఇళ్లలోకి రికార్డు చేసుకునే పెట్టెలు వచ్చాయి. సాయంత్రపు పునఃప్రసారం అవసరం తగ్గింది. పసిపిల్లల ఛానెల్ అయిన డిస్నీ జూనియర్ కోసం సోప్‌నెట్‌ను తొలగిస్తామని 2010లోనే ప్రకటించారు. 2013 డిసెంబర్ 31 అర్ధరాత్రితో అది పూర్తిగా మూతపడింది. పసిపిల్లలు చూసే బొమ్మల కథకు బొమ్మలు, దుస్తులు, పుస్తకాల అమ్మకం తోడవుతుంది. వృద్ధురాలు చూసే పాత కథకు అటువంటి తోడు ఏముంది?

అదే ఏడాది మరో ప్రయత్నం జరిగింది. ప్రాస్పెక్ట్ పార్క్ అనే సంస్థ ఏబీసీ ఆపివేసిన ఆ రెండు ధారావాహికలనూ కొత్తగా చిత్రీకరించి, ఏప్రిల్ 29 నుంచి ఇంటర్నెట్ ద్వారా అందించింది. కొన్ని నెలలకే అవి మళ్లీ నిలిచిపోయాయి. కొత్తగా తీయడంలోని వ్యయాన్ని తలచుకుంటే, చిక్కులెన్ని ఉన్నా పాత టేపును మళ్లీ చూపడమే నయమనిపిస్తుంది.

నిజంగా అది ఫలించిన ఉదాహరణలూ లేకపోలేదు. 1966–71 మధ్య వచ్చిన ‘డార్క్ షాడోస్’ టేపులు దాదాపు అన్నీ మిగిలాయి. 1992లో ఆరంభమైన సైఫై ఛానెల్ వాటిని చూపితే, అసలు ప్రసార కాలానికి పుట్టనివారు కూడా అభిమానులయ్యారు. మొత్తం 1225 భాగాలలో 1219వ భాగం టేపు మాత్రం దొరకలేదు. మిగిలిన శబ్దానికి నిశ్చల చిత్రాలు జోడించి ఆ లోటు పూడ్చారు. 1963లో మొదలై 1982లో ముగిసిన ‘ద డాక్టర్స్’ను రెట్రో టీవీ 2014లో తిరిగి తెచ్చింది. అది మొదటి నుంచి కాక, 1967 చివరి భాగాలతో ఆరంభమైంది.

ఇది మన ఇళ్లకు బొత్తిగా దూరమైన సంగతి కాదు. 2020 లాక్‌డౌన్‌లో చిత్రీకరణలు నిలిచిపోయినప్పుడు ఇక్కడి ఛానెళ్లు పాత సీరియళ్లనే మళ్లీ వేశాయి. అక్కడ సీబీఎస్ కూడా తన పగటి ధారావాహికల పాత భాగాలను వెలికితీసింది. ఈ కథలలో అసూయలు, కుట్రలు మితిమీరి ఉంటాయన్న ఆక్షేపణ నాకూ ఉంది, రెండు దేశాల వాటి మీదా ఉంది. కానీ ఒక వస్తువు మంచిదా కాదా అన్నది వేరు, దాన్ని భద్రపరచాలా వద్దా అన్నది వేరు. యాభై ఏళ్ల కిందట సామాన్య గృహిణి ఏ భయాలతో, ఏ ఆశలతో బతికిందో తెలుసుకోగోరే వారికి రాజకీయ ప్రసంగాల సంపుటాలు ఉపకరించవు. ఇవి ఎంతో కొంత ఉపకరిస్తాయి.

సంస్థలు చెరిపినవి చెరపగా, 1980ల నుంచి వీక్షకులే తమ వీసీఆర్‌లలో రికార్డు చేసుకున్న క్యాసెట్లు ఎన్నో ఇళ్లలో మిగిలాయి. రంగు వెలిసి, మధ్యలో నాటి ప్రకటనలతో సహా అవి ఇప్పుడు యూట్యూబ్‌లో కనిపిస్తున్నాయి. వాటిని ఎక్కించినవారికి హక్కు లేదని యజమాని సంస్థ తొలగించమనవచ్చు, చట్టం కూడా దాని పక్షానే ఉంటుంది. తొలగించమన్న సంస్థ వద్ద ఆ భాగం ఉందా అన్నది మాత్రం చట్టం అడగదు.