గాడిద యాటలో ఓడకుండు నేర్పు

పేకాటలలో పెక్కు గెలిచినవాని నెన్నుకొనుటకు ఏర్పడినవి. గాడిద యాట ఓడినవాని నెన్నుకొనుటకు ఏర్పడినది. పైస పందెము లేక, జూదమను నింద సోకక, వేసవి మధ్యాహ్నములందు తలుపులు చేరవేసిన యింటిలో తాతగారును మనుమరాలును మేనత్తయు మేనల్లుడును ఒక్క చాపమీద గూర్చుండి ఆడదగిన యీ యాటలో, చిట్టచివర చేత ముక్కలతో మిగిలిపోయిన యొక్కరికి గాడిద యను బిరుదము దక్కును. ఓండ్రపెట్టి చూపినగాని విడువమని పిల్లలు పట్టుపట్టుటయు గలదు. కేరళమున నిట్టి యాట గాడిద పేరిటనే ప్రసిద్ధము. ఉత్తరాదిని దీనికి మిక్కిలి దగ్గఱి యాట యొకటి ‘భాభీ’ యను పేర చెల్లుచున్నది. ఇంత నవ్వు పుట్టించునది గదా యని దీనిని కేవల బాలక్రీడగా నెంచువారు పెక్కురు గలరు. నా యభిప్రాయ మట్లు గాదు. జ్ఞాపకశక్తికిని, గణనమునకును, ఎదుటివారి మనస్సు నెఱుగుటకును ఇంతటి సాధన మిచ్చు ఇంటియాటలు అరుదు; బిరుదము ఎల్లప్పుడును అదృష్టహీనునికే పోదు, తఱచుగా అజాగరూకునికే పోవును.

తెలియనివారికై నియమములను ముందు చెప్పెదను. 52 ముక్కలను అందఱకును పంచుదురు. నలుగురైనచో తలకు 13 వచ్చును. సాధారణముగా ఇస్పేటు ఆసు గలవాడు దానితో ఆట నారంభించును. తక్కినవారు వరుసగా అదే జాతి ముక్కలు వేయవలెను. ఉన్న జాతిని దాచుట దోషము. అందఱును అదే జాతి వేసినచో ఆ ముక్కలను బోర్లించి ప్రక్కకు నెట్టివేయుదురు, అవి మరల ఆటలోనికి రావు. పెద్దముక్క వేసినవాడు తరువాతి చుట్టు నారంభించును. ఎవనికైనను ఆ జాతి లేకున్నచో వేఱొక జాతినుండి తన కిష్టమైన ముక్క వేయును. దీనినే కోత యందము. కోత పడినతోడనే చుట్టు ఆగిపోవును; అప్పటివఱకు మొదటి జాతిలో పెద్దముక్క వేసినవాడు అక్కడ పడిన ముక్కలన్నిటిని తన చేతిలోనికి ఎత్తుకొని, మరల తానే ఆడవలెను. మొట్టమొదటి చుట్టులో మాత్రము కోతకు శిక్ష లేదు. తురుపు లేదు, లెక్కకట్టవలసిన మార్కులు లేవు. చేయి ఖాళీ యైనవాడు సుఖముగా లేచిపోవును. ఇండ్లను బట్టి చిన్నచిన్న భేదములున్నను ఆటకు ప్రాణ మిదియే.

పెక్కు పేకాటలలో ఐశ్వర్యముగా నెంచబడు ఆసులును రాజులును ఇచ్చట భారములు. ఏలయనగా కోత పడిన చుట్టులో శిక్ష పెద్దముక్కకే తగులును. కావున ఆ భారమును ఎప్పుడు దింపుకొనవలె నన్నదే మొదటి ప్రశ్న. నలుగురాడునపుడు ఒక జాతి మొదటి చుట్టులోనే ఎవనికైనను బొత్తిగా లేకుండుట అరుదు. ఆ చుట్టులోనే ఆసును, వీలైనచో రెండవ చుట్టులో రాజును వదలించుకొని, రెండు, మూడు, నాలుగు వంటి చిన్నముక్కలను పదిలపఱచుకొనవలెను. క్రొత్తవారు దీనికి విపరీతముగా చేయుదురు: పెద్దముక్కపై మమకారముతో దానిని దాచి, ముందుగా చిన్నవాటిని వేసివేసి, తుదకు ఆ జాతి ఇతరుల చేతులలో అడుగంటిన వేళకు రాజుతో చిక్కుకొందురు.

ఒక జాతికి ముక్కలు 13 మాత్రమే యను సంగతి నెవ్వరు నెఱుగనివారు కారు, కాని ఆడునపుడు దానిని తలచువారు కొందఱే. నలుగురాటలో ఒక జాతి కోత లేకుండ మూడు చుట్లు నడిచెనా, 12 ముక్కలు వెళ్ళిపోయినవి, మిగిలిన దొక్కటే. అయిదుగురాటలో రెండు చుట్లకే 10 పోయి మూడు మిగులును. ఆర్గురాటలో రెండు చుట్లకు 12 పోవును. అనగా నలుగురాటలో నాలుగవ చుట్టునకును, అయిదుగు రార్గురాటలలో మూడవ చుట్టునకును కోత తప్పనిది. ఒంటరిగా మిగిలిన ఆ ముక్క రెండైనను ఆసుతో సమానమే. దానితో ఆట నారంభించినవాడు దానిని మరల తానే, కోసినవాని కానుకతో గూడ, ఎత్తుకొనును. ఇట్టి ముక్కను ఎన్నడును ముందు వేయరాదు. వేఱొక జాతిలో కోసే యవకాశము వచ్చువఱకు ఓపికపట్టి, అప్పుడు దానిని పరులకు ధారపోయవలెను.

కోయుటలో గూడ వివేక మవసరము. చేతికందిన ముక్కను విసరివేయక, ఒంటరిముక్కనో, తన చేతిలో తోడు చిన్నముక్కలు లేని పెద్దముక్కనో ఇచ్చుట మేలు. ఏకైకముగా నున్న ముక్కను వదలినచో మఱియొక జాతి తనకు లేకుండపోయి, ఇంకొక కోతకు దారి యేర్పడును.

కూర్చున్న స్థానమును గమనింపని యాటగాడు సగము యుక్తిని పోగొట్టుకొనును. చుట్టులో చివరగా వేయువాడు, తనకు ముందు అందఱును జాతి తప్పక వేసినచో, సర్వస్వతంత్రుడు. ఇక కోసెడివాడు లేడు గనుక తన పెద్దముక్కను నిర్భయముగా వేయవచ్చును. అతనికి గలుగు నష్టమెల్ల తరువాతి చుట్టు నారంభింపవలసి వచ్చుట మాత్రమే. ముందుగా వేయువానికి ఈ స్వేచ్ఛ లేదు. అతని వెనుక ఇంకను ముగ్గురుందురు, వారిలో ఒకడు కత్తి నూరుచుండవచ్చును.

ఒకరు కోతకు చిక్కి ముక్కలెత్తుకొనుచుండగా చాప చుట్టు నవ్వులు చెలరేగును. సరిగా ఆ నవ్వులోనే నేర్పరి నిశ్శబ్దముగా చూచి గుర్తుంచుకొనవలసినది కలదు: ఆ చేతిలోనికి పోయిన ముక్కలు బహిరంగముగా పోయినవి. ఆఠీను తొమ్మిదియు రాణియు నెత్తుకొన్నవాని కిక ఆఠీను కలదని మనకు నిశ్చయము. తుదిదశలో మన ఆఠీను నాలుగును వేసినచో, అతనివంతు వచ్చులోపల ఎవ్వరును కోయక, అతనిచేత అంతకంటె చిన్న ఆఠీను లేకున్నయెడల, అతడు దానిపై పెద్దముక్క వేయక తప్పదు. అంతకంటె పెద్ద ఆఠీను పడనిచో, ఆ పిదప నెవ్వరు కోసినను భారము అతనిదే. ఎవరు ఏ జాతి కోసిరో, తరువాత ఆ జాతి వారికి మరల చేరెనో లేదో, ఈ రెండింటిని మనసున నిలుపుకొన్నవానికి ఆట నడుమనుండి ఎదుటిచేతులు పలుచని తెరవెనుక నున్నట్లే కనబడును.

ముఖమును గూర్చి యొక్క మాట. ఒక జాతి తనకు తీఱినదని ఉబ్బి, కోయబోవు ముక్కను ముందే చేతిలో విడదీసి పట్టుకొను బాలుని జూచి పెద్దలు ఆ జాతినే మానుకొందురు. ముక్కలను జాతులవారీగా పేర్చుకొనుటయు, ఏ భాగము సన్నబడుచున్నదో ప్రక్కవారికి చూపుటయే. అప్పుడప్పుడు వరుస మార్చుకొనుట మంచిది.

తుదకు ఇద్దరే మిగిలినపుడు లెక్క మఱవనివానికి ఎదుటివారి చేతిలో దాగియుండు ముక్క యొక్కటియు నుండదు. మీచేత ఆఠీను రెండును ఇస్పేటు తొమ్మిదియు, మేనత్తచేత ఆఠీను ఏడును కళావరు రాణియు ఉన్నవనుకొనుడు, వంతు మీది. మీరు ఆఠీను రెండు వేసినచో ఆమె ఏడు వేయక తప్పదు; ఆ రెండును ప్రక్కకు పోవును. పెద్దముక్క ఆమెది గనుక కళావరు రాణితో ఆమెయే ఆడవలెను. మీకు కళావరు లేదు. ఇస్పేటు తొమ్మిదితో కోసి ఖాళీచేతులతో లేతురు. అట్లు గాక, పెద్దముక్క ముందు పోవలె నన్న మొదటి పాఠమునే ఇచ్చటను పట్టుకొని తొమ్మిది వేసితిరా, ఆమెకు ఇస్పేటు లేదు; రాణితో కోయును, రెండును మీచేతికే వచ్చును. ఇప్పుడు మీకు మూడు, ఆమెకు ఆఠీను ఏడొక్కటే. తరువాత మీరు ఆఠీను వేసినచో ఆ ఏడును దానిపై వేసి లేచును. వేఱొకటి వేసినచో ఆ ఏడుతోనే కోసి లేచును.