బడి పిల్లల చేతుల మీదుగా విత్తన మొలక పరీక్ష

గ్రామీణ పాఠశాలల్లో నిర్వహించే విజ్ఞాన కార్యక్రమాలలో పిల్లలు తరచుగా ప్రేక్షకులుగానే మిగిలిపోతున్నారు. శాస్త్రవేత్త చేసి చూపుతారు, పిల్లలు చూస్తారు, అంతటితో కార్యక్రమం ముగుస్తుంది. పిల్లలు స్వయంగా చేసి, లెక్కించి, ఫలితాన్ని ఇంటికి తీసుకువెళ్ళగలిగినప్పుడే ఆ విజ్ఞానం కుటుంబానికి ఉపయోగపడుతుంది. తక్కువ ఖర్చుతో ఇందుకు అనువైన ప్రయోగం విత్తన మొలక పరీక్ష.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో సాధారణంగా వేసవి సెలవుల అనంతరం జూన్ రెండవ వారంలో పాఠశాలలు తెరుచుకుంటాయి. రైతులు ఖరీఫ్ విత్తనానికి సిద్ధపడేదీ ఆ రోజుల్లోనే. గ్రామీణ వ్యవసాయ కార్యానుభవ కార్యక్రమంలో భాగంగా గ్రామాలలో నివసించే వ్యవసాయ డిగ్రీ విద్యార్థులు ఈ పరీక్షను సులభంగా చేయించవచ్చు.

ప్రతి విద్యార్థి ఇంట్లో దాచిన విత్తనం నుండి కొంత తీసుకురావాలి. మందుతో శుద్ధి చేసిన రంగు విత్తనాన్ని పిల్లలు ఎట్టి పరిస్థితుల్లోనూ తాకరాదు. విత్తనాన్ని బాగా కలిపి, ఏరకుండా 100 గింజలు లెక్కించాలి. నిండైన గింజలనే ఏరుకోవాలనిపించడం పిల్లలకు సహజం. అలా ఏరితే ఫలితం ఎందుకు తప్పుతుందో అప్పుడే చర్చిస్తే నమూనా సేకరణ సూత్రం వారికి బోధపడుతుంది. గింజలను తడి గోనెపట్టాపై వరుసకు 10 చొప్పున పేర్చి, వదులుగా చుట్టి, నీడలో ఉంచి తేమ ఆరకుండా చూడాలి. ఎన్ని మొలుస్తాయో ప్రతి ఒక్కరూ ముందే అంచనా రాసుకోవాలి.

తుది లెక్క మినుముకు 7, వేరుశనగకు 10, వరికి 14 రోజులకు తీయాలి. వేరు, మొలక రెండూ ఆరోగ్యంగా ఉన్నవాటినే మొలిచినవిగా పరిగణించాలి. పెసర, మినుములలో నీరు పీల్చక గట్టిగా ఉండిపోయిన గింజలను కుళ్ళిన గింజలతో కలపకుండా వేరుగా నమోదు చేయాలి. విత్తన ధ్రువీకరణ ప్రమాణాల ప్రకారం కనీస మొలక శాతం వరికి 80, కంది, పెసర, మినుములకు 75, వేరుశనగకు 70.

ఒకే విత్తనాన్ని నాలుగు జట్లు పరీక్షిస్తే నాలుగు వేర్వేరు అంకెలు రావచ్చు. ఎవరో ఒకరు తప్పు చేశారని పిల్లలు భావిస్తారు. జాగ్రత్తగా చేసినా యాదృచ్ఛికంగా కొంత తేడా వస్తుందని, ప్రయోగశాలలలో 100 చొప్పున నాలుగు మార్లు, మొత్తం 400 గింజలు పరీక్షించడానికి కారణం అదేనని వివరించాలి.

అసలు బాధ్యత ఫలితం వచ్చిన తరువాతే మొదలవుతుంది. వేరుశనగలో 70కి బదులు 56 గింజలే మొలిస్తే, అన్నే మొక్కల కోసం విత్తనం నాలుగవ వంతు అదనంగా కావాలి. ఈ లెక్కను పిల్లలే చేయగలరు. అయితే మొలక తగ్గిన విత్తనంలో మొక్కల సత్తువ కూడా తగ్గుతుంది. కనుక మోతాదు పెంచడం కంటే విత్తనం మార్చడమే మేలు కావచ్చు. గోనెపట్టాలో వచ్చిన శాతం పొలంలో యథాతథంగా రాదని కూడా చెప్పాలి. పాఠశాల పరీక్ష ఒక హెచ్చరిక మాత్రమే. ఫలితం ప్రమాణానికి దిగువన ఉంటే నమూనాను విత్తన పరీక్షా కేంద్రానికి పంపించాలి.

దాచుకున్న విత్తనం పనికిరాదన్న మాట తండ్రికి చెప్పవలసిన భారాన్ని పిల్లలపై వేయరాదు. నమూనాలకు పేర్లకు బదులు అంకెలు వేసి, ఫలితాన్ని ఏ కుటుంబానికి ఆ కుటుంబానికే తెలపాలి. విస్తరణ శాస్త్రవేత్త స్వయంగా ఆ ఇంటికి వెళ్ళి, విత్తే గడువు దాటకముందే ప్రత్యామ్నాయం సూచించాలి.

ఇటువంటి కార్యక్రమం విజయాన్ని హాజరు పట్టికతో కొలవరాదు. మరుసటి ఏడాది ఎవరూ చెప్పకుండానే ఎన్ని ఇళ్ళలో గోనెపట్టా తడిసిందన్నదే దాని కొలమానం.