సూది లేని గుడ్డబొమ్మ

నందికొండ అనగానే మనకు ఆనకట్ట జ్ఞప్తికి వచ్చును. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన నాటినుండి, 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు విడిచిన నాటివరకు, ఆ రాతికట్టడము వేలాది కూలీల చేతులమీదుగా లేచినది. వారిలో పాలమూరు, నల్లగొండ పల్లెలనుండి వచ్చిన కుటుంబములు ఎన్నో కలవు. పాలమూరు కూలీలు దేశమున పలుచోట్ల కట్టడములకు వలసపోయిరి. వలసపోవు మూటలో కొయ్యగుఱ్ఱమునకు చోటుండదు. పాత చీరె పేలిక మాత్రము ఎట్లును ఉండును. ఆ పేలికను పిల్లల చేతికి బొమ్మగా ఇచ్చుటకు సూది కూడ అక్కరలేదు. ముడి వేయుట తెలిసిన చాలును. ఆ పనిని గురించియే ఇచ్చట ముచ్చటింపదలచితిమి.

గుడ్డబొమ్మ కొత్త వస్తువు కాదు. రోమనుల ఏలుబడిలోని ఈజిప్టునాటి నారబట్టబొమ్మ ఒకటి లండనులోని బ్రిటిష్ మ్యూజియములో నేటికిని ఉన్నది. దాని కడుపులో కూరినవి చింపిరి గుడ్డలు, పపైరసు ముక్కలు. ఉక్రెయిన్ దేశపు పల్లెలలో 'మోతాంకా' అను బొమ్మ కలదు. చుట్టి కట్టుటయే దాని నిర్మాణము; దానిని సూదితో పొడువరాదని అచ్చటివారి నమ్మకము. మన ఇండ్లలో ఆడపిల్లలు బొమ్మల పెండ్లి చేసినప్పుడు కొండపల్లి, నిర్మల కొయ్యబొమ్మలు లేనిచోట వధూవరులైనవి గుడ్డబొమ్మలే గదా!

కట్టు కట్టుట ఈ సీమకు పరాయి విద్య కాదు. పూర్వపు నల్లగొండ జిల్లాలోని పోచంపల్లి, పుట్టపాక నేతవారు నూలును అద్దకమునకు ముందే అక్కడక్కడ బిగించి కట్టుదురు. కట్టు ఉన్నచోట రంగు ఎక్కదు. ఆ విధముగా నేయకమునుపే నూలులో చిత్రము సిద్ధమగును. బిగువైన కట్టు ఎంత పని చేయగలదో వారి చీరెలు, రుమాళ్ళు చూచినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక చేయు విధానము. అన్నిటికంటె సులువైనది ముడిబొమ్మ. మూరెడు పొడవు, మూరెడు వెడల్పు గల మెత్తని పాతగుడ్డను ఉతికి ఆరవేయవలెను. రంగు వెలిసెడు గుడ్డ పనికిరాదు. పిల్లలు దానిని నోట పెట్టుకొందురు. గుడ్డ నడుమ గింజ తీసిన ప్రత్తిని పిడికెడు ఉంచి, గుడ్డను దాని చుట్టును దగ్గరకు తీసి, క్రింద నూలుదారముతో మూడు నాలుగు చుట్లు బిగించి కట్టిన తల ఏర్పడును. ఎదురెదురుగా ఉన్న రెండు మూలలను ప్రక్కలకు లాగి, చివరలను వాటితోనే ముడివేసిన అవి చేతులగును. మిగిలిన రెండు మూలలు ముందు వెనుకల పావడవలె జారును. దారపు ముడి నిలువవలెనన్న, ఎడమ కొసను కుడికొస మీదుగా ఒకసారి, ఆపైన కుడికొసను ఎడమకొస మీదుగా మరియొకసారి త్రిప్పి బిగింపవలెను. రెండుసార్లును ఒకే వైపునకు త్రిప్పిన ముడి జారును.

రెండవది మేజోటి కుందేలు. జత పోయిన మేజోడు ప్రతి ఇంటను ఒకటి యుండును. దాని పాదమువైపు సగమునకు మించి ప్రత్తిగాని, సన్నగా చింపిన గుడ్డపేలికలుగాని కూరి, పైన గట్టిగా కట్టవలెను. నడుమ మరియొక కట్టు కట్టిన తల, మొండెము వేరగును. పైన మిగిలిన ఖాళీభాగమును నిలువుగా రెండుగా చీల్చిన చెవులు సిద్ధము.

మూడవది నూలుబొమ్మ. మగ్గముమీద మిగిలిన నూలుకొసలు దీనికి చాలును. జానెడు అట్టముక్కకు నూలును అరువది, డెబ్బది చుట్లు చుట్టి, పైఅంచున ఒక దారము దూర్చి కట్టి, అట్టను తీసివేయవలెను. అంగుళము క్రింద కట్టినది మెడ. ఇరుప్రక్కల కొన్ని పోగులు వేరుచేసి కట్టినవి చేతులు. నడుమున కట్టినది మొల. దీని పోగులు పసివారి వ్రేళ్ళకు చుట్టుకొనును గనుక ఐదేండ్లు నిండినవారికే ఇది తగినది.

కుట్టినబొమ్మ కంటె కట్టినబొమ్మ అందమైనదని మేము చెప్పము. దాని మేలు వేరు. కుట్టినదానిని కోసినగాని లోపల చూడజాలము. కట్టినదానిని పెద్దలు ఎప్పుడైనను విప్పవచ్చును. మాసినప్పుడు దూది తీసివేసి, గుడ్డను వేడినీట ఉతికి ఎండలో ఆరవేసి, మరల కట్టవచ్చును. పిల్లవాడు రాత్రింబవళ్ళు చెక్కిలికి హత్తుకొను వస్తువులో ఏమున్నదో ఇచ్చినవారికి తెలియవలెను గదా.

ఈ మాట ఏల నొక్కి చెప్పుచున్నామనగా, బొమ్మకు కన్నులు పెట్టవలెననగానే మన పల్లెలలో చేయి గురిగింజ మీదికి పోవును. ఎఱ్ఱని మేన నల్లని చుక్క గల ఆ గింజ కన్నువలెనే యుండును. కాని దానిలో ఏబ్రిన్ అను ఘోరవిషము కలదు. పైతోలు చెక్కుచెదరని గింజ హాని చేయక కడుపునుండి వెలువడవచ్చును. నమిలినను, దారమునకై బెజ్జము వేసినను విషమునకు దారి ఏర్పడును. ఈ రెండు జిల్లాల మెట్టలలో విస్తారముగ పండిన ఆముదము సంగతియు ఇట్టిదే. నిగనిగలాడు ఆముదపుగింజలో రైసిన్ అను విషము కలదు. గలగలమను శబ్దమునకని గాని, బరువునకని గాని వీనిని బొమ్మలో పోయరాదు. పిల్లవాడు ఇట్టి గింజను నమిలెనని అనుమానము కలిగినను, బాగుగ ఉన్నాడు గదా యని ఊరకుండక వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. విషలక్షణములు కొన్ని గంటల తరువాత గాని కానరాకపోవచ్చును.

గుండీలు, పూసలు మూడేండ్లలోపు పిల్లల గొంతున అడ్డుపడును. గుండుసూది ఎవరి బొమ్మకును పనికిరాదు. కన్నులు లేకున్న లోపమేమియు లేదు. మోతాంకాలు పెక్కింటికి ముఖమే యుండదు. పిల్ల తనకు నచ్చిన ముఖమును తానే ఊహించుకొనును. వ్రేలాడు దారము జానెడు పొడవు ఉండరాదు, మెడకు చుట్టుకొనును. ఏడాది నిండని శిశువు నిద్రించు ఊయెలలో మెత్తని బొమ్మ దేనినైనను ఉంచరాదు. ఊపిరికి అడ్డము రావచ్చును.

భారత ప్రభుత్వము 2021 జనవరి 1వ తేదీనుండి అంగడి బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తును నిర్బంధము చేసినది. ఇంట కట్టి ఇచ్చు బొమ్మను పరీక్షించు అధికారి ఎవరును లేరు. ఆ బాధ్యత కట్టినవారిదే. ఇచ్చుటకు ముందు తలనొక చేతను, మొండెమునొక చేతను పట్టి బలముగా లాగి చూడుడు. కట్టు కదిలిన విప్పి మరల కట్టుడు. కొంచెము పెద్దపిల్లలున్న ఇంట వారినే ప్రక్కన కూర్చుండబెట్టుకొని కట్టించుడు. బొమ్మ దారిలో ఎక్కడనో పోయినను, మరియొకటి కట్టుకొను నేర్పు వారితోనే యుండును.