తగులని దెబ్బ

నాటి హాలీవుడ్ ముష్టియుద్ధ చిత్రములలో నాయకుని పేరే లోకమునకు జ్ఞాపకముండును. చిన్న వేషగాని పేరెవ్వరడుగుదురు? నేఁడు నేను చెప్పఁదలఁచినది అట్టి యొకనిఁ గూర్చియే. మషీ కాలహాన్ 1926లో జూనియర్ వెల్టర్‌వెయిట్ తరగతి జగజ్జెట్టి. 1930లో లండనున జాక్ బెర్గ్ చేత నోడెను. పిమ్మట చిన్న వేషములు కట్టుచు, ‘జెంటిల్మన్ జిమ్’ (1942) కొఱకు ఎరోల్ ఫ్లిన్నునకు, ‘ఛాంపియన్’ (1949) కొఱకు కిర్క్ డగ్లసునకు ముష్టివిద్య గఱపెను.

తెరమీఁది దెబ్బలోని మర్మము వినుఁడు. కెమేరా ఒంటికంటిది, ఎడమును సరిగా నెఱుఁగదు. పిడికిలి మొగమునకు తగులక ముందుగాఁ బోయినను, ఆ క్షణముననే ఎదుటివాఁడు తల విదల్చినచో తగిలినట్లే తోఁచును. చప్పుడు తరువాతఁ జేర్తురు. క్షణము తప్పెనా, దవడ నిజముగనే పగులును. కొట్ట నేర్చినవానికే కొట్టకుండుటయుఁ దెలియునని నా తలంపు.