గేర్‌బాక్స్ మారింది, స్పీడు లెక్క తప్పింది

1960ల నాటి ఫోర్డ్ మస్టాంగ్‌కు 1980ల నాటి టీ-5 అయిదు గేర్ల బాక్సు బిగించడం అమెరికాలో పాత కార్ల ప్రియులకు బాగా అలవాటైన పని. హైవే మీద ఇంజన్ హోరు తగ్గుతుంది, పెట్రోలు కలిసొస్తుంది. అంతా బిగించి రోడ్డెక్కాక మాత్రం కారు గంటకు 60 మైళ్లతో వెళ్తుంటే ముల్లు 70 చూపిస్తుంది. దీనికి చెప్పుకునే కారణాలు చాలావరకు తప్పు, చేసే వైద్యం ఇంకా తప్పు. ఏ లోపమూ లేని పాత మీటర్లను విప్పి పారేస్తున్నారు. అలాంటివి మళ్లీ దొరకవు. అందుకే ఈ నాలుగు మాటలు.

అపోహ: కొత్త బాక్సులో గేర్ల నిష్పత్తులు వేరు, అందుకే స్పీడు తప్పుతోంది. అయిదో గేరులో మరీ ఎక్కువ.

వాస్తవం: ఆ నిష్పత్తులకూ మీటరుకూ సంబంధమే లేదు. కేబుల్‌ను తిప్పేది బాక్సు వెనక కొసన ఉండే అవుట్‌పుట్ షాఫ్ట్. గేర్ల పనంతా దానికి ముందే అయిపోతుంది. టీ-5లో అయిదో గేరు నిష్పత్తి 0.68 అంటే ఇంజన్ తక్కువ చుట్లు తిరుగుతుందని మాత్రమే అర్థం. కారు 60 మైళ్ల మీదుంటే నాలుగో గేరయినా, అయిదో గేరయినా అవుట్‌పుట్ షాఫ్ట్ వేగం ఒక్కటే. లెక్క తప్పించేవి వేరే ఉన్నాయి: ఆ షాఫ్ట్ మీది డ్రైవ్ గేరు పళ్లు, దాంతో కలిసి కేబుల్‌ను తిప్పే చిన్న ప్లాస్టిక్ గేరు పళ్లు, వెనక ఇరుసులోని క్రౌన్-పినియన్ నిష్పత్తి, టైరు సైజు. బాక్సు మార్చేటప్పుడే చాలామంది క్రౌన్-పినియన్ కూడా మార్చేస్తారు, నింద మాత్రం గేర్ల మీద వేస్తారు.

అపోహ: సరైన ప్లాస్టిక్ గేరు ఏదో ఒక్కొక్కటీ వేసి చూస్తే తప్ప తెలియదు.

వాస్తవం: కాగితం మీద తేలిపోయే లెక్క ఇది. ఆనాటి అమెరికన్ మీటర్లు ఎక్కువగా మైలుకు కేబుల్ 1000 చుట్లు తిరిగేలా తయారైనవి. డ్రైవ్ గేరుకు 7 పళ్లు, క్రౌన్-పినియన్ 3.55, టైరు మైలుకు 800 చుట్లు అనుకుందాం. 7ను 3.55తోనూ 800తోనూ హెచ్చించి 1000తో భాగిస్తే 19.88 వస్తుంది. అంటే 20 పళ్ల గేరు కావాలి. అంతకుముందు 3.00 క్రౌన్-పినియన్‌కు సరిపోయిన 17 పళ్ల గేరునే ఉంచేస్తే కేబుల్ దాదాపు 17 శాతం ఎక్కువ తిరుగుతుంది. 60 కాస్తా 70 అయ్యేది ఇలాగే. మీటరు ఎక్కువ చూపుతుంటే ఎక్కువ పళ్ల గేరు వేయాలి. చాలామంది ఇక్కడ తిరగేసి, తక్కువ పళ్లది కొంటారు.

ఫోర్డ్‌లో ఈ చిన్న గేర్లు సాధారణంగా 16 నుంచి 23 పళ్ల వరకు దొరుకుతాయి. 8 పళ్ల డ్రైవ్ గేరుతో 3.73 క్రౌన్-పినియన్ వేస్తే లెక్క 24 దగ్గర తేలుతుంది. అది దొరకదు కాబట్టి డ్రైవ్ గేరునే 7 పళ్లకు మార్చాలి, లేదా కేబుల్ మధ్యలో నిష్పత్తి మార్చే చిన్న పెట్టె బిగించాలి. మన దగ్గర పాత అంబాసిడర్‌కు ఇసుజు ఇంజన్‌తోపాటు అయిదు గేర్ల బాక్సు బిగించుకున్నవారికీ సూత్రం ఇదే. కాకపోతే 1000కి బదులు మీ మీటరుకు వర్తించే అంకె తీసుకోవాలి. స్మిత్స్ మీటర్లలో అది డయల్ మీదే సన్నగా అచ్చయి ఉంటుంది.

అపోహ: ముల్లును తీసి కాస్త వెనక్కి జరిపి గుచ్చితే సరిపోతుంది.

వాస్తవం: అన్నింటిలోకీ ప్రమాదకరమైన చిట్కా ఇదే. జర్మనీకి చెందిన ఒట్టో షుల్ట్సే 1902లో పేటెంట్ పొందిన మీటరులో కేబుల్ ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. ఆ అయస్కాంతం అల్యూమినియం గిన్నెను ఎక్కడా తాకకుండానే తనతో లాక్కుంటుంది. సన్నని స్ప్రింగు గిన్నెను వెనక్కి లాగుతుంది. కేబుల్ ఎంత వేగంగా తిరిగితే ముల్లు అంత పైకి పోతుంది. అంటే గేరు వల్ల వచ్చే తేడా స్పీడుతోపాటు పెరుగుతుంది, ముల్లును జరిపితే వచ్చే తేడా మాత్రం అన్ని స్పీడ్లలోనూ ఒకటే. పది మైళ్లు వెనక్కి జరిపారనుకోండి. 60 దగ్గర సరిగ్గానే ఉంటుంది. బడి ముందు 30లో వెళ్తున్నప్పుడు మాత్రం 25 చూపిస్తుంది. పిల్లలు రోడ్డు దాటే చోట అసలు వేగం కంటే తక్కువ చూపే మీటరును ఎవరూ నమ్ముకోకూడదు.

తప్పు ఎక్కడుందో ఓడోమీటరే చెబుతుంది. దానికి స్ప్రింగూ అయస్కాంతమూ లేవు, అదే కేబుల్‌తో పళ్లచక్రాల మీద నడుస్తుంది. ఇంటర్‌స్టేట్ హైవే మీద మైలు బోర్డులు చూస్తూ 10 మైళ్లు నడపండి. ఓడోమీటర్ 11.7 చూపి, ముల్లు కూడా అదే దామాషాలో ఎక్కువ చూపితే తప్పు గేరులో ఉంది. ఓడోమీటర్ సరిగ్గా 10 చూపి ముల్లు మాత్రమే తప్పితే మీటరును బాగుచేయించాలి. అప్పుడు గేర్లు ఎన్ని మార్చినా ముల్లు కుదిరేలోపు ఓడోమీటర్ చెడుతుంది.

అపోహ: ముల్లు ఊగిసలాడుతోందంటే గేరు తప్పు వేసినట్టే.

వాస్తవం: కాదు. కేబుల్ ఎండిపోయి ఉంటుంది, లేదా ఎక్కడో గట్టిగా వంగి ఉంటుంది.

అపోహ: గేరు మార్చాలంటే బాక్సు మొత్తం దించాలి.

వాస్తవం: చిన్న ప్లాస్టిక్ గేరుకైతే అక్కర్లేదు. బాక్సు పక్కన ఒక బోల్టు విప్పితే కేబుల్‌తోపాటు గేరు బయటికి వస్తుంది. క్లిప్పు తీసి కొత్తది ఎక్కించడమే. అవుట్‌పుట్ షాఫ్ట్ మీది డ్రైవ్ గేరు మార్చాలంటే మాత్రం వెనక హౌసింగ్ విప్పక తప్పదు. కాబట్టి బాక్సు ఇంకా నేల మీద ఉండగానే ఆ పళ్లు లెక్కపెట్టి, క్రౌన్-పినియన్ నిష్పత్తితో పాటు రాసిపెట్టుకోండి.